కిటికీకి ఎదురుగా నిలబెట్టిన కారు

ఫ్యూజు బాబాయికి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు అక్కగారింటి ముందు కారు బానెట్ ఎత్తి, మీటరు తీగలు బ్యాటరీకి ఆనించి అంకె చూశాడో లేదో, చెవులు కందగడ్డలైపోయాయి. మళ్ళీ చచ్చింది! కారుతోపాటు వచ్చిన బ్యాటరీ పోయిందంటే సరే, ముసలిదైపోయింది అనుకున్నాడు. దాని స్థానంలో పెట్టిందీ పోయింది. ఇప్పుడు ఇది పెట్టి పట్టుమని పది రోజులు కాలేదు, ఇదీ కాళ్ళు బారజాపింది. బళ్ళ కరెంటు పనిలోనే జుట్టు నెరిసిన మనిషికి ఇంతకన్నా తలవంపులు ఇంకేముంటాయి?

ఆ పేరు ఊరికే రాలేదు. ఏ బండి తెచ్చినా, ఏ రోగం చెప్పినా, "ముందు ఫ్యూజు చూద్దాం" అంటాడు. ఒకావిడ తన స్కూటర్ టైరు పంక్చరైందని వస్తే కూడా అలవాటులో అదే మాట అనేశాడని చెప్పుకుని నవ్వుతారు. ఆయన కాదంటాడు గానీ, అనే ఉంటాడు.

కానీ ఇక్కడ నవ్వులాటకి చోటు లేదు. ఈ కారు పెట్రోలుతోనూ నడుస్తుంది, ఇంట్లో ప్లగ్గుకి తగిలించి చార్జింగ్ పెడితే కరెంటుతోనూ నడుస్తుంది. దాని అడుగున పరుపంత పెద్ద బ్యాటరీ ఉంది. అయితే ఆ పెద్దదాన్ని నిద్రలేపాల్సింది ముందు మూలన నక్కిన ఈ చిన్న బ్యాటరీ. ఇది చచ్చిందా, అడుగున ఎంత కరెంటు ఉన్నా చుక్క బయటికి రాదు.

ఆ కరెంటు మీదే బావ ప్రాణం ఉంది. బావ ఊపిరితిత్తులు పాడైపోయాయి. మంచం పక్కన గాలి మిషను రాత్రీ పగలూ తిరుగుతూ ఉండాలి. ఆ వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే వెనక సాకెట్ ఉన్న ఈ కారు వెతికి మరీ కొన్నారు. కరెంటు పోగానే అక్క కారు స్టార్ట్ చేసి, కిటికీలోంచి వైరు లాగి మిషనుకి పెడుతుంది. ఈ లోపు ఆదుకోవడానికి ఒక చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఉంది. అది కాసేపటి ముచ్చటే.

కిందటిసారి కరెంటు పోయినప్పుడు కారు లేవలేదు. అక్క ఒక్కతే ఉంది. ఫోను చేస్తే బాబాయి ఊరి అవతల ఎవరిదో లారీ కింద పడుకుని ఉన్నాడు. ఆయన వచ్చి తన వ్యాన్ బ్యాటరీనుంచి కేబుళ్ళు వేసి కారుని లేపేసరికి సిలిండర్ ముల్లు అడుగంటింది, బావ పెదాలు నీలంగా తిరిగాయి. అప్పట్నుంచి అక్క తమ్ముడితో సరిగ్గా మాట్లాడటం మానేసింది.

"ఏమైంది?" గుమ్మంలోంచి అడిగింది అక్క.

"చచ్చింది."

"అది నాకూ తెలుసు. ఎందుకు చచ్చిందో చెప్పు."

"చూస్తున్నా కదక్కా."

"కిందటిసారీ చూశావు, అంతకుముందూ చూశావు. ఊళ్ళో అందరి బళ్ళూ బాగుచేస్తావు గానీ, నా ఇంటికొచ్చేసరికి నీ చేతులు పడిపోతాయేంట్రా?"

బాబాయికి ఒళ్ళు మండింది. మళ్ళీ మీటరు మీదకి వంగాడు. అక్క అన్నదాంట్లో తప్పేముంది?

"వాణ్ణెందుకే ఆడిపోసుకుంటావు," కిటికీలోంచి బావ గొంతు వచ్చింది. ఒక్కో మాటకీ మధ్య ఆయాసం. "వాడేం చేస్తాడు, పాపం."

ఆ గొంతు ఒకప్పుడు బస్సు నిండా జనాన్ని అదిలించిన గొంతు. బావ దూరాల బస్సు నడిపేవాడు. ఈ వీధి చివర మలుపు తిరిగేటప్పుడు బస్సు దీపాలు రెండుసార్లు ఆర్పి వెలిగించేవాడు. వచ్చేశాను అని అర్థం. డిపోలో బస్సు అప్పగించి ఇల్లు చేరేసరికి అక్క కంచం పెట్టి ఉంచేది. అప్పట్లో చదువు అబ్బక గాలికి తిరుగుతున్న బావమరిదిని చెవి పట్టుకుని డిపోలో కరెంటు పనికి చేర్చిందీ ఆయనే. ఆ చెవి ఇప్పుడు ఎర్రగా ఉంది.

పొద్దుటినుంచి ఆ చిన్న బ్యాటరీని చార్జర్‌కి పెట్టి, మధ్యాహ్నం మళ్ళీ కారుకి బిగించాడు. ఒకసారి అడుగంటిన బ్యాటరీలో ఇక పెద్దగా పస ఉండదు, ఆ సంగతి ఆయనకి తెలుసు. ఇంకోటి తెచ్చి పెట్టడం క్షణంలో పని. కానీ దొంగని పట్టకుండా తాళాలు మార్చుకుంటూ పోతే ఏం లాభం? ముందు అద్దానికి అతికించిన కెమెరా కరెంటు తాగుతోందేమోనని దాన్ని ఎప్పుడో పీకేశాడు. ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూశాడు. తాళంచెవి కారుకి దగ్గరగా ఉంటే కారు నిద్రపోదని తెలిసి, దాన్ని వంటింటి అల్మారాలో పెట్టించాడు. రాత్రంతా చార్జింగ్‌లో ఉంటుంది కదా అంటే, పెద్దది నిండగానే చార్జింగ్ ఆగిపోతుంది, ఆ తర్వాత ఈ చిన్నదాని గోడు పట్టించుకునేవాడే ఉండడు.

తను చూస్తున్నంతసేపూ కారు బుద్ధిమంతుడిలా పడుకుంటోంది. అది ఎంత కరెంటు లాగుతోందో చూపే మీటరు అంకె దాదాపు సున్నాకి దిగి అక్కడే కూర్చుంటోంది. అంటే తను వెళ్ళిపోయాకే ఏదో జరుగుతోంది. ఏమిటది?

సాయంత్రం గాలి లేచింది. చెట్లు ఊగుతున్నాయి, తీగలు ఊగుతున్నాయి. ఇలాంటి గాలికి కరెంటు ఉండటమే గొప్ప. సిలిండర్ల వాడు రేపు గానీ రానన్నాడు, ఉన్నదాంట్లో సగమే మిగిలింది. ఈ రాత్రిలోగా తేల్చకపోతే తనకి నిద్ర పట్టదని బాబాయికి తెలుసు. పొడుగు తీగలు వేసి మీటరుని ప్రహరీ అవతలికి తెచ్చి, బానెట్ మెల్లగా దించాడు.

"నేను వెళ్ళొస్తా," అని అందరికీ వినపడేలా కేకేశాడు. వ్యాన్ తీసుకెళ్ళి పక్క వీధిలో మందుల షాపు ముందు పెట్టాడు. నడుచుకుంటూ తిరిగొచ్చి, గోడ పక్కన నీళ్ళ డ్రమ్ము వెనక చతికిలబడ్డాడు. ఈ వయసులో దొంగాటలేంట్రా నాయనా అని తనకే నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. గాలి ఒక్కసారి ఈలవేసినట్టు వీచింది, వెంటనే కారు దీపాలు చప్పున వెలిగి ఆరాయి. చుట్టుపక్కల పిల్లి కూడా లేదు. మీటరు అంకె ఎగిరి గంతేసింది. కారులో ఉన్న బుల్లి కంప్యూటర్లన్నీ లేచి కూర్చున్నాయన్నమాట. అవి మళ్ళీ సద్దుమణగకముందే దీపాలు ఇంకోసారి వెలిగాయి. కాసేపటికి మరోసారి. ప్రతిసారీ వెలుగు కాస్త తగ్గుతోంది.

బాబాయి డ్రమ్ము పక్కనుంచి తల పైకెత్తి చూశాడు. కిటికీలో బావ. దుప్పటి మీద చెయ్యి, చేతిలో ఏదో నల్లగా చిన్నది. కారుతోపాటు వచ్చిన రెండో తాళంచెవి! దాన్ని అందరూ మర్చిపోయారు. గాలి చప్పుడు చేసినప్పుడల్లా బావ బొటనవేలు దాన్ని నొక్కుతోంది. దీపాలు వెలగగానే మొహం కాస్త తేటపడుతోంది. మనుషులు చుట్టూ ఉన్నంతసేపూ నొక్కడు, ఒంటరిగా ఉన్నప్పుడే నొక్కుతాడు. మీటరుకి దొరకని దొంగ అదే.

ఓరి దేవుడా, అనుకున్నాడు బాబాయి. కోపం రావాలి గానీ రాలేదు.

బావ మళ్ళీ నొక్కాడు. దీపాలు వెలగలేదు. ఇంకోసారి నొక్కాడు, వెలగలేదు. ఆయన మొహంలో రక్తం ఇంకిపోవడం ఇంత దూరానికీ కనిపించింది. సరిగ్గా అప్పుడే వీధి వీధంతా చీకటైంది. లోపల మిషను కీచుమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది.

"అక్కా, సిలిండర్ పెట్టు!" అరిచి పరుగెత్తాడు బాబాయి.

వ్యాన్ పక్క వీధిలో ఉంది. తన తెలివి తెల్లారినట్టే ఉంది! మోకాలు పట్టేస్తోంది, చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది. వ్యాన్ తెచ్చి కారు ముక్కుకి ముక్కు ఆనించినంత దగ్గరగా ఆపి, కేబుళ్ళు లాగాడు. కళ్ళు మూసుకుని బిగించగల మనిషి, ఎర్రది ఎక్కడ, నల్లది ఎక్కడ అని తనని తనే అడగాల్సి వచ్చింది.

"ఒరే, ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చిందిరా!" అల్మారాలోని తాళంచెవి కిటికీలోంచి విసురుతూ అరిచింది అక్క.

"వస్తోంది, వస్తోంది." కారెక్కి స్టార్ట్ బటన్ నొక్కాడు. టిక్కుమని ఊరుకుంది. వ్యాన్ ఇంజను గట్టిగా రైజ్ చేసి మళ్ళీ వచ్చి నొక్కాడు. తెర మినుకుమంది, ఆరింది. "లేవవే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా," అన్నాడు పైకే. మూడోసారి తెర నిండా వెలుగొచ్చింది, దాని మీద 'రెడీ' అన్న అక్షరాలు పచ్చగా నిలబడ్డాయి. వైరు కిటికీలోకి విసిరాడు. అక్క అందుకుని ప్లగ్గు దోపింది. మిషను ఒకసారి గురక పెట్టి, ఎప్పటిలా తిరగడం మొదలుపెట్టింది.

బాబాయి లోపలికొచ్చి మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు. బావ గుప్పిట విప్పి తాళంచెవి చూపించాడు.

"తిట్టరా."

"ఎందుకు నొక్కుతావు బావా?"

"భయమేసినప్పుడు... నొక్కుతా. అది కన్ను కొడితే... ఉందిలే అనిపిస్తుంది." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "దాన్ని చంపుతోంది నేనేనా?"

అబద్ధం చెబుదామనుకున్నాడు బాబాయి. కానీ ఈ మనిషికి అబద్ధం చెప్పడం ఆయనకి ఏనాడూ చేతకాలేదు. "నువ్వే బావా. నొక్కినప్పుడల్లా లేస్తోంది, లేచినప్పుడల్లా తన రక్తం తనే తాగుతోంది."

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఇన్నాళ్ళూ వీణ్ణి నోటికొచ్చినట్టు అన్నానే," అని అటు తిరిగి కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఇవ్వు బావా," చెయ్యి చాపాడు. "రోజూ పొద్దునా సాయంత్రం నేనొచ్చి దాన్ని లేపి చూసి వెళ్తా. రేపు కొత్త బ్యాటరీ పెడతా."

బావ ఇచ్చేశాడు. ఇస్తున్నప్పుడు ఆయన వేళ్ళు ఒక్క క్షణం దాన్ని వదల్లేదు.

కరెంటు తిరిగొచ్చింది. గాలి తగ్గింది. బాబాయి కేబుళ్ళు చుట్టి వ్యాన్లో పడేసి, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఇంటికి పోదామని గేరు మీద చెయ్యి వేసి, ఒకసారి కిటికీ వైపు చూశాడు. బావ అటే చూస్తున్నాడు. దుప్పటి మీద గుప్పిట ఖాళీగా ఉంది, అయినా బొటనవేలు ఉండుండి కదులుతోంది. నొక్కుతోంది, ఆగుతోంది, మళ్ళీ నొక్కుతోంది.

బాబాయికి ఏడుపు ముంచుకొచ్చింది. దాన్ని ఆపుకునే ప్రయత్నమేమీ చెయ్యలేదు. చెయ్యి చాపి వ్యాన్ దీపాలు ఆర్పి వెలిగించాడు. మళ్ళీ ఆర్పి వెలిగించాడు.

కిటికీలో బొటనవేలు ఆగింది. బావ మెల్లగా చెయ్యి పైకెత్తాడు.

తలుపు తెరుచుకుని అక్క గుమ్మంలోకి వచ్చింది. వ్యాన్ దీపాలకి కళ్ళు చికిలించి, చేతిలో నీళ్ళ చెంబుతో అక్కడే నిలబడింది.

"కంచం పెట్టాను," అంది. "చేతులు కడుక్కుని రారా."