మా లారీకి గడప పెట్టిన కథ

ఆ రోజుల్లో కోడలి తెలివి అంటే అత్తగారు మెచ్చేదే తెలివి. అలాంటి తెలివి ఒక్కసారి చూపించి నేను ఏం పోగొట్టుకున్నానో ఇప్పటికీ మర్చిపోలేదు. ఇచ్చోడలో మా మామయ్య కర్ర కాంట్రాక్టరు. ఒక ఏడు ఇంటిల్లిపాదికీ పట్నం చూపిస్తానన్నారు. సత్రంలో ఎవరెవరో పడుకున్న చోట పడుకోనని అత్తమ్మ మొండికేసింది. దాంతో మామయ్య కర్రలు మోసే లారీనే ఇల్లుగా మార్చేశారు. పైన తడకలు, టార్పాలిను, లోపల పరుపులు, నీళ్ళ డ్రమ్ము, ముందు గోడకు ఆనించి మట్టిపొయ్యి (రుబ్బురోలు కూడా ఎక్కించారు, పట్నంలో రుబ్బుకోవడానికి రాళ్ళుండవన్నట్టు). అప్పుడు నాకు పదహారేళ్ళు. చార్మినార్ చూడాలని నెల రోజులు నిద్ర పట్టలేదు.

బయలుదేరే రోజు పొద్దున, అత్తమ్మ మెచ్చుకుంటుందని, లారీ వెనక చెక్కకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. అత్తమ్మ మొదటిసారి నన్ను చూసి నవ్వింది. "గిప్పుడు ఇల్లు లెక్క అయింది" అని పొయ్యి మీద పాలు కూడా పొంగించింది. నిర్మల్ దాటేవరకూ నా గొప్ప నేనే తలచుకుంటూ కూర్చున్నాను.

పట్నంలో లారీ ఆగగానే అందరికంటే ముందు నేనే చెప్పులు వేసుకున్నాను. "నువ్వెటు పోతున్నవ్?" అన్నది అత్తమ్మ. "పొయ్యి రాజేసిన ఇల్లు ఇడ్సిపెట్టి అందరం పోతమా? పప్పు ఉడకబెట్టు, మేం జల్ది వస్తం."

"ఇది లారీనే గద, అత్తమ్మా!"

"లారీకి గడప ఎవలు పెట్టిన్రు? నువ్వే గద!"

ఆడబిడ్డ పకపకా నవ్వింది. మా ఆయన భుజం మీద తువ్వాల సర్దుకుంటూ, నా వైపు చూడకుండా దిగిపోయారు. (ఆ తువ్వాల సర్దుకోవడం తర్వాత నలభై ఏళ్ళు చూశాను.)

పప్పు సగం ఉడికేసరికి ఒక పోలీసు వచ్చి, లారీ అక్కడ ఆపొద్దని కేకలేశాడు. కింద నీడలో పడుకున్న ముసలి డ్రైవరు లేచి స్టీరింగు పట్టాడు. పాపం, ఆయనకు నా మీద జాలి కలిగినట్టుంది. "ఫికర్ చెయ్యకు బిడ్డా, నీకు గూడ చూపిస్త" అని బండిని చార్మినార్ వైపు తిప్పాడు. గుంతల్లో లారీ ఎగిరినప్పుడల్లా పప్పు కుండ పొయ్యి మీద నుంచి జారుతోంది. గుడ్డతో రెండు చేతులా పట్టుకుని, వెనక్కి వీపు పెట్టి కూర్చున్నాను. హారను మూడుసార్లు మోగింది. "బిడ్డా, చూడు, చార్మినార్!"

తల తిప్పాను. కుండ ఒరిగింది. మళ్ళీ కుండ వైపు తిరిగాను. అది సర్దుకున్నాక వెనక్కి చూస్తే, నేను పసుపు రాసిన చెక్క మీదుగా ఒక టాంగా గుర్రం ముఖం కనిపించింది. నన్ను జాలిగా చూస్తోంది. దాని వెనక టాంగా కప్పు. ఆ వెనకాల ఎక్కడో చార్మినార్ ఉండే ఉంటుంది.

ఒక చుట్టు తిరిగి డ్రైవరు లారీని మొదట ఆగిన చోటి దగ్గరికే తెచ్చాడు. సాయంత్రం అందరూ తిరిగొచ్చారు. అత్తమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "అడుగంటింది. గీ ఒక్క పని గూడ రాదా?" అన్నది. ఊళ్ళో ఆడవాళ్ళు పట్నంలో ఏం చూశావని అడిగితే, అబద్ధం చెప్పడం చేతకాక "గుర్రం" అన్నాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను ఊరందరికీ గుర్రం చూసిన కోడలినే.

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. సొంతంగా ఒక వాక్యం రాయమని టీచరమ్మ పలక ఇస్తే, చాలాసేపు ఆలోచించి, 'ఆ కుండ వదిలేస్తే అయిపోయేది' అని రాశాను. ఆమె రెండు తప్పులు దిద్ది, "ఏం కుండ, అవ్వా?" అని అడిగింది. నవ్వి, పలక ఒళ్ళోకి తీసుకున్నాను. ఆ మాట అందాల్సిన పదహారేళ్ళ పిల్ల ఇంకా రెండు చేతులా కుండ పట్టుకునే కూర్చుంది.