దిష్టిబొమ్మ రెసిస్టరు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, మీటరు పెట్టి కొలిచి చూపించమనేవాణ్ణి. నరసరావుపేట దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఇది రాస్తున్నది ఎవరినీ నమ్మించడానికి కాదు. ఇందులో నా తప్పు ఒకటుంది. అది చెప్పకుండా మిగతాది చెప్పడం కుదరదు.

మా అక్క భర్తకు రాజుపాలెంలో రేడియో, టీవీ రిపేరు కొట్టు ఉండేది. ఆయన పదో తరగతి తప్పాడు. చిన్నప్పుడు నాకు సోల్డరింగ్ నేర్పింది మాత్రం ఆయనే. పెద్ద వోల్టేజీ ఉండే సెట్టు విప్పితే ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడిచేత్తోనే పనిచేసేవాడు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందని చెప్పేవాడు. నేను నవ్వేవాణ్ణి.

ఒకసారి పాత ఇనుప సామాన్ల కొట్లో ఏదో ఫ్యాక్టరీ లెక్కింపు యంత్రం దొరికితే, దాన్నుంచి నాలుగు నిక్సీ ట్యూబులు పగలకుండా తీశాడు. ఆ గాజు గొట్టంలో సున్నా నుంచి తొమ్మిది దాకా సన్నటి తీగతో చేసిన అంకెలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. నూట డెబ్బై వోల్టులిస్తే కావలసిన అంకె నిప్పుకణికలా వెలుగుతుంది. వాటితో గడియారం చెయ్యాలని బావ పాత క్యాలెండరు కాగితం వెనక సర్క్యూటు గీసి, చూడమని నన్ను కొట్టుకు పిలిచాడు.

అందులో కరెంటు నిలవ ఉంచుకునే పెద్ద కెపాసిటరుకు అడ్డంగా ఒక రెసిస్టరు ఉంది. ప్లగ్గు పీకాక కెపాసిటర్లో మిగిలిన ఛార్జిని ఖాళీ చేయడం దాని పని. తెలియనివాళ్లకు ఊరికే నిలబెట్టినట్టుంటుంది. నాకు తెలుసు. తెలిసీ, కొట్లో నలుగురున్నారు కదా అని ఒక మాటన్నాను.

"పది తప్పినోళ్ల సర్క్యూట్లో దిష్టిబొమ్మ కూడా ఉంటదా బావా?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. బావామరుదుల మధ్య మాటకు కోపం తెచ్చుకుంటే తెచ్చుకున్నవాడిదే తప్పవుతుంది. నేనన్నది వేళాకోళం కాదు. ఆ చనువు చాటున దాక్కున్న చదువుకున్నవాడి పొగరు. ఆయన కాగితం చుట్టి సొరుగులో పెట్టేసి, ట్యూబులు దూదిలో పెట్టి నా చేతికిచ్చాడు.

"నువ్వే చెయ్యి బామ్మర్దీ. నాకు చూపు ఆనట్లా."

చూపు బాగానే ఉండేది.

క్షమించమని అడగాలని చాలాసార్లు ఫోను చేశాను. వానల గురించీ మిర్చి కోతల గురించీ మాట్లాడి పెట్టేశాను. ఆ చలికాలంలోనే ఆయన నిద్రలో పోయాడు.

సంవత్సరీకానికి ఆ గడియారం చేసి ఫొటో కింద పెడదామనుకున్నాను, నోటితో అడగలేనిది అలాగైనా అడిగినట్టవుతుందని. సర్క్యూటు మాత్రం నా సొంతంగానే గీశాను. అప్పటికీ ఆయన కాగితం అక్కనడిగి చూడలేదు. ఆ రెసిస్టరు పెట్టలేదు.

గడియారం వెలగలేదు. బోర్డు రెండుసార్లు మార్చాను. ఐసీ చిప్పులు మార్చాను. వోల్టేజీ సరిగ్గా ఉంది, ప్రోగ్రాము సరిగ్గా ఉంది, ట్యూబుల ప్రతి కాలూ కొలిచాను. ఒక సాయంత్రం నాలుగూ వెలిగాయి. కళ్లజోడు తెచ్చుకునేలోపు ఆరిపోయాయి. పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, బల్ల గుద్ది నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టింది ట్యూబుల్ని కాదని నాకు తెలుసు.

సంవత్సరీకం ఇంక నాలుగు రోజులుందనగా, ఒక ఆదివారం పొద్దున అంతా డబ్బాలో సర్దుకుని అక్క ఇంటికి వెళ్లాను. కొట్లోంచి తెచ్చిన బావ బల్ల, పనిముట్లు వసారాలో ఉన్నాయి. గంటసేపు కుస్తీ పట్టాను. విసుగొచ్చి ప్లగ్గు పీకేశాను. ఎడమచేత్తో అన్నిటినీ బిగించిన ఇనుప ఛాసిస్‌ను అదిమిపట్టి, కుడిచేత్తో స్క్రూడ్రైవరును పిడి వదిలి ఇనుము మీదే పట్టుకుని కెపాసిటరు తీగ కదిలించబోయాను. ట్యూబులు వెలగడం లేదు కాబట్టి దాని ఛార్జి ఎటూ పోలేదన్న ఆలోచనే రాలేదు.

ఎవరో నా ఎడమ మణికట్టు పట్టుకుని వెనక్కి లాగారు. చిన్నప్పుడు కాలుతున్న సోల్డరింగ్ ఐరను మీదికి చెయ్యి పోతే బావ లాగినంత గట్టిగా. అదే క్షణంలో కెపాసిటరు మీదున్న స్క్రూడ్రైవరు ఛాసిస్‌కు తగిలి టపాకాయలా పేలింది. మొన కరిగి గుంటపడింది. అది ఇప్పటికీ నా దగ్గరుంది.

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన అక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందిరా ఆ పేలుడు?" అంది. తర్వాత నన్ను చూసి, "చెయ్యి జేబులో పెట్టుకొని అట్టా నిలబడ్డావేంది? అచ్చం మీ బావే" అంది.

చూసుకుంటే నా ఎడమ చెయ్యి మణికట్టు దాకా ప్యాంటు జేబులో ఉంది. నేను పెట్టుకోలేదు.

అక్కడే, నిలబడే, ఆ రోజు కొట్లో నేనన్న మాట అక్కకు చెప్పాను.

"తెలుసులేరా. ఆ రోజు సగం అన్నంలో లేచాడు. ఏందయ్యా అంటే, 'వాడన్నది నిజమేగా, పది తప్పాగా' అన్నాడు."

లోపలికి వెళ్లి క్యాలెండరు కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది. ఆయన గీసిన చోటే, ఆయన సొరుగులోని రెసిస్టరే పెట్టి అతికాను. ప్లగ్గు పెట్టగానే నాలుగు ట్యూబులూ వెలిగాయి. సంవత్సరీకం రోజున వెలిగాయి, ఇప్పటికీ అక్క ఇంట్లో వెలుగుతున్నాయి.

ఆ రెసిస్టరుకూ అంకెలు వెలగడానికీ సంబంధం లేదు. నేను అతికిన వేడికి పక్కనెక్కడో వదులైన అతుకు కుదురుకుని ఉండొచ్చు. చెయ్యి సంగతికి మాత్రం అలాంటి మాట కూడా నాకు దొరకలేదు.

రెసిస్టరు ఒక కాలు విప్పి, గడియారం అప్పుడూ వెలుగుతుందో లేదో చూస్తే సగమైనా తేలిపోతుంది. పది నిమిషాల పని. నా విద్యార్థులెవరైనా అడిగితే విప్పి చూడమనే చెబుతాను. నేను ఇప్పటిదాకా విప్పలేదు.