పెద్దమ్మ ఫోనూ, అక్క ఉద్యోగమూ

నిఘంటువులో టెలిఫోన్ అంటే దూరం నుంచి మాటను మోసుకొచ్చే యంత్రం అని ఉంటుంది. అది రాసినాయన రాంగోపాల్‌పేట్‌లో మా గల్లీకి ఎన్నడూ వచ్చి ఉండడు. మాకు టెలిఫోన్ అంటే పక్కింటి పెద్దమ్మ. గల్లీ మొత్తానికి ఫోను వాళ్ళ ఒక్కింట్లోనే ఉండేది. దసరాకి ఆవిడ దానికి పసుపు కుంకుమ పెట్టేది. మేమందరం ఆ నంబరే ఊరంతా ఇచ్చుకుని, పక్కన పి.పి. అని రాసుకునేవాళ్ళం. ఆ అక్షరాలకు అసలు అర్థమేమిటో నాకిప్పటికీ తెలియదు. ఫోను పక్కింటిదని మాత్రం చూసిన ప్రతివాళ్ళకూ తెలిసిపోయేది.

ఫోనొస్తే మమ్మల్ని వెంటనే పిలవడం పెద్దమ్మకు చేతకాదు. ముందు తను మాట్లాడాలి. ఎవరు, ఎక్కడి నుంచి, ఏం పని అన్నీ ఆరా తీసి, సగం సంగతులు తనే తేల్చేశాక గోడ మీంచి కేకేసేది. గుంటూరులో మా మేనత్తకు జ్వరమొస్తే మాకంటే ముందు ఆవిడకే తెలిసేది. నాకు ఒళ్ళు మండేది. "ఊరుకోవే, ఫోను వాళ్ళది" అనేది అమ్మ.

ఆ వేసవిలో అక్క బోయిన్‌పల్లిలో ఒక స్కూలుకి టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది. ఇది రాకపోతే పెళ్ళి చేసేస్తానని నాన్న ఖాయంగా చెప్పేశారు. సంబంధాల వాళ్ళకీ, స్కూలు వాళ్ళకీ ఇచ్చింది ఆ ఒక్క నంబరే. అందుకే అక్క ఏదో ఒక వంకతో పెద్దమ్మ గుమ్మంలోనే తచ్చాడేది. ఫోను మోగిన రోజు వంక కరివేపాకు. నేనూ వెంట ఉన్నాను.

అవతల ఎవరో ఆడమనిషి అక్క గురించి అడిగినట్టుంది, పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. అక్క చెయ్యి చాపితే నెట్టేసింది. మగపెళ్ళివారితో పిల్ల తనే మాట్లాడటమా!

"మా పిల్ల బంగారమమ్మా. నోట్ల నాలుక లేదు. గల్లీల పోరగాళ్ళు ఎంత అల్లరి చేసినా తలకాయ వంచుకొని పోతది."

అవతల మళ్ళీ ఏదో అడిగారు.

"పిల్లలా? పిల్లలంటే పానం! ఒక్కన్ని సుత కసరదు."

అక్క ముఖం పాలిపోయింది. పెద్దమ్మ ఆగలేదు. "బోయిన్‌పల్లా? జెర దూరమే గని, మంచిదే. సొంతిల్లేనా? పిల్లగాడు ఏం జేస్తడు?"

అక్క అరిచింది. అలాంటి కేక ఆ ఒంట్లో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. "పెద్దమ్మా! అది స్కూలండీ! నా ఉద్యోగం పోతుందండీ! నాకు నోరుందని చెప్పండీ!" ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్నావిడ వంగి చూసింది. పెద్దమ్మ చేతిలోంచి రిసీవరు జారి తీగకు వేలాడింది. అక్క కూలబడి ఏడుపు లంకించుకుంది.

నేనే రిసీవరు అందుకున్నాను. అవతల హెడ్మాస్టరమ్మ. "ఇందాక అరిచిందెవరమ్మా?" అని అడిగారు.

అబద్ధం చెబుదామనుకున్నాను గానీ తోచలేదు. "మా అక్కేనండీ."

"ఇక్కడ గదిలో ఉన్నవాళ్ళందరికీ వినబడింది. మా ఐదో తరగతికి అలాంటి గొంతే కావాలి. సోమవారం రమ్మను."

ఆ మాట చెప్పగానే అక్క పెద్దమ్మను వాటేసుకుని ఏడ్చింది, నవ్వింది. నాకూ పట్టరాని సంతోషం. పెద్దమ్మ మాత్రం ఇంకా పరేషాన్‌లోనే ఉంది.

"మరి పెండ్లోళ్ళు ఫోన్ జేస్తే నేనేం జెప్పాలె బిడ్డా?"

అక్క కళ్ళు తుడుచుకుంది. "బడికి పోయిందని చెప్పండి పెద్దమ్మా."