ఫ్రిజ్‌లో లేత ఫెర్న్

ఫెర్న్ మొక్కలో కొవ్వు ఆమ్లాలు దాని వయసును బట్టి మారతాయి. సిద్ధబీజంలో ఒక తీరు, దాన్నుంచి మొలిచే గోరంత పచ్చటి ప్రోథాలస్‌లో ఒక తీరు, చుట్టుకుని ఉన్న లేత ఆకులో మరో తీరు, విప్పారిన ముదురాకులో ఇంకో తీరు. నా పీహెచ్‌డీ అంతా ఇదే. రాజాంలో ఓ ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఆదివారం దొరికితే శృంగవరపుకోట కొండలెక్కుతూ లాక్కొచ్చాను. లేత ఆకు దశ ఒక్కటే మిగిలింది. అది తొలకరికి వస్తుంది, వారం తిరిగేసరికి విచ్చుకుంటుంది. ఈ ఏడాదితో గడువు సరి అన్నారు గైడ్ గారు. ఇంతవరకూ వచ్చిన పొడిగింపులన్నీ ఆయనతో పోట్లాడి తెచ్చుకున్నవే. ఇంకా పోట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

ఆ ఆదివారం వానలో తడుస్తూ, కాళ్ళకు పట్టిన జలగల్ని పీక్కుంటూ కవరు నిండా లేత ఆకు చుట్టలు తెచ్చి ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టించాను. మర్నాడు విశాఖ ల్యాబుకు పట్టుకెళ్ళాలి. ప్రిన్సిపాల్ సెలవివ్వలేదు. "మొక్కలెక్కడికి పారిపోతాయమ్మా?" అన్నాడు. పరీక్ష డ్యూటీ చేసుకుని ఇంటికొచ్చేసరికి గుమ్మంలోనే వెల్లుల్లి, ఆవముద్ద వాసన.

"ఏటే, నాకోసం కొండకెల్లి తెచ్చినావా?" అంది మా అత్తగారు. ఆవిడది ఒడిశా అంచు ఊరు. అక్కడ ఈ లేత చుట్టల్ని కూరొండుకుంటారట. మా వైపు గొడ్డు కూడా ముట్టదు. "పెల్లై వచ్చినాక మల్లీ తిన్లేదే ఈ కూర. నోరే పెద్దది గానీ, మనసు మంచిదే నీది."

కూరలో ఉప్పు తగ్గినా వాదించేదాన్ని నేను. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి, కంచం పెట్టుకుని కూర్చున్నాను.

"ఆకులే గదా, మల్లీ వస్తాయి," అన్నారు మా ఆయన, మారు వడ్డించుకుంటూ.

"వస్తాయి, వచ్చే తొలకరికి. అప్పటికి నా రిజిస్ట్రేషన్ ఉంటుందా?" అన్నాను, ఆవిడకు వినబడకుండా పళ్ళ బిగువున.

"ఆదివారం మల్లీ ఎల్తావు గదా, ఇంకొంచెం ఎక్కువ తే," అంది అత్తగారు వంటింట్లోంచి.

వెళ్ళాను. కొండవాలంతా విచ్చుకుపోయి ఉంది. నా దగ్గర బోలెడంత ఉన్న దశ అది. రాళ్ళ సందులన్నీ వెతికితే ఓ బండ నీడన పిడికెడు లేత చుట్టలు దొరికాయి. ల్యాబుకు చాలవు. ఒక మనిషికి కూరవుతుంది.

సంచిలో ఫోన్ మోగింది. గైడ్ గారు. మోగనిచ్చి, కవరు మూతి ముడేశాను.