గోడ మీద ఐదు గంటల గీత

మొన్న సాయంత్రం మా మనవరాలు పని నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గడప మీదే కూలబడి వాచిన పాదాలు ఒత్తుకుంటుంటే, వేడినీళ్ళలో ఇంత ఉప్పు వేసి తెచ్చి దాని ముందు పెట్టాను. ప్రొద్దుటూరులో ఒక పెద్ద బట్టల దుకాణంలో దాని ఉద్యోగం. పొద్దున తొమ్మిదింటికల్లా మిషన్ మీద బొటనవేలు పెట్టి లోపలికి పోవాలట, రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆ మిషన్ ఒప్పుకోదట. సాయంత్రం ఆరింటికి అయిపోవలసిన పని ఏడు దాటినా, ఏడున్నర దాటినా మాత్రం అదే మిషన్ నోరు మెదపదట. రోజంతా నిలబడే ఉండాలి, కూర్చోవడానికి ఒక స్టూలు లేదు. అడగరాదా అన్నాను. "ఎవర్ని అడగాల జేజీ? అడిగినోళ్ళను రేపట్నించి రావద్దంటాండారు" అంది. అది చెప్పింది అబద్ధం కాదు, అయినా ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ఎందుకంటే ఆ దుకాణం కట్టిన జాగా నాకు కొత్త కాదు. అరవై ఏళ్ళకు ముందు అక్కడ పత్తి మిల్లు ఉండేది, నేను పనిచేసింది ఆ మిల్లులోనే. ఇప్పుడు పట్టుచీరల అద్దాల బీరువాలు ఉన్న వైపున మిల్లు తూర్పు ప్రహరీ గోడ ఉండేది. ఆ గోడ మీద మేమొక గీత గీశాం. ఆ గీత మమ్మల్ని గెలిపించింది, మోసం చేసింది, చివరికి బుద్ధి కూడా చెప్పింది.

నా ఈడు వాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కొత్తలు. మా నాన్న పోయాక, ఎనిమిదో తరగతి చదువుతున్న నన్ను బడి మాన్పించి మా అమ్మ తన వెంట మిల్లుకు తీసుకుపోయింది. మా ఊరు జమ్మలమడుగు రోడ్డులో, ప్రొద్దుటూరికి ఐదు మైళ్ళు. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, పెళ్ళి కాకముందే మా సంసారం నెత్తికెత్తుకున్నాడు. మిల్లులో ఆయిలు ఇంజను నడిపేది అతనే, కూలీల సంఘానికి కార్యదర్శి కూడా అతనే. ఇంజను దగ్గర అతని చెయ్యి ఎంత నమ్మకమో, సంఘంలో అతని మాట అంత నమ్మకం. మా ఇంటిల్లిపాదీ ఆ మనిషి మీదే ఆధారపడి ఉన్నామని చెప్పడానికి నాకు నామోషీ లేదు.

షెడ్డులో మిషన్లు రెండు వరసలుగా ఉండేవి, ఒక్కో మిషను ముందు ఒక్కో ఆడమనిషి కూర్చుని పత్తి అందిస్తూ ఉండాలి, గింజ కిందికి రాలి దూది ముందుకు వస్తుంది. ఆ మోతలో పక్క మనిషి అరిచినా వినబడదు. అందుకని మాలో మాకు ఒక కట్టుబాటు ఉండేది: ఎంత అవసరం వచ్చినా పక్కామె భుజం తట్టకుండా ఎవరూ లేవకూడదు. భుజం తడితే, నేను వచ్చేదాకా నా మిషన్ కూడా నువ్వే చూసుకో అని అర్థం. సంఘం పుట్టకముందే పుట్టిన కట్టుబాటు అది. నాకు నేర్పింది నా పక్క మిషన్ మీద కూర్చునే దూదేకుల పెద్దమ్మ. బంధువు కాకపోయినా నోరారా పెద్దమ్మా అనే పిలిచేదాన్ని.

ఐదు గంటలకు మిల్లు కూత పడాలి. కూత పడిందాకా చెయ్యి తియ్యకూడదు. కూత ఎప్పుడు వెయ్యాలో చెప్పే గడియారం మాత్రం మిల్లు యజమాని అయిన సావుకారు గదిలో, ఆయనకు ఎదురుగా, మాకు వీపు చూపిస్తూ ఉండేది. దేవుడికి దీపం పెట్టే వేళ ఒక్క నిమిషం కూడా తప్పనివ్వని ఆ పెద్దమనిషి, మా విషయంలో గడియారం చూడడం ఎలా మరిచిపోయేవాడో ఆ దేవుడికే తెలియాలి. మేం బయటపడేసరికి జమ్మలమడుగు బస్సు వెళ్ళిపోయి ఉండేది. రోజంతా పనిచేసిన నడుములతో ఐదు మైళ్ళూ నడిచేవాళ్ళం.

ఆ పుష్యమాసంలో మామ ఒక బడిపంతులు గారి చేతి గడియారం ఒక్కరోజుకు అడిగి తెచ్చుకున్నాడు. కూత ముక్కాలు గంట ఆలస్యంగా పడుతోందని ఆనాడు తేలింది. ముల్లు సరిగ్గా ఐదు మీదికి వచ్చినప్పుడు, షెడ్డు నీడ తూర్పు గోడ మీద ఎంతవరకు ఎక్కిందో చూసి, అక్కడ ఎర్రటి జాజుమట్టితో బారెడు గీత గీశాడు. మరునాటి నుంచి నూరు మందికి పైగా ఆడవాళ్ళం పత్తి అందిస్తూనే వాకిలి గుండా ఆ గీత వంక చూసేవాళ్ళం. నీడ గీత దాటేది, కూత పడేది కాదు. నేను అర్జీ రాశాను, జీవితంలో నేను రాసిన మొదటి అర్జీ అదే. నీడ గీతను తాకగానే కూత వెయ్యాలని కోరాం.

రెండు రోజులు గడిచాక సావుకారు మామను పిలిపించి, గొడవేమీ లేకుండా సరేనన్నాడు. కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేశారు. పోట్లాడదామని కొంగు బిగించుకున్న మేము తెల్లబోయాం, తర్వాత పొంగిపోయాం. మంగళవారం నాడు గీతకు పసుపు రాసి కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాం. మామ మెడలో బంతిపూల దండ వేశాం. ఆ సాయంత్రం ఐదింటికి కూత పడింది. చేతులు కడుక్కుని, దూది దులుపుకుని, గేటు ముందుకు వచ్చిన బస్సు ఎక్కి కూర్చున్నాం. కిటికీ పక్కన కూర్చున్న మా అమ్మ ముఖం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది, వెలుతురు ఉండగా ఇల్లు చేరడం ఆమెకు ఎన్నాళ్ళయిందో.

ఫాల్గుణం వచ్చేసరికి బస్సు మళ్ళీ అందకుండా పోయింది. కూత నీడ ప్రకారమే పడుతోంది, గీత ఉన్న చోటే ఉంది, బస్సే ముందుగా పోతోందని మాకు కోపం. ఒకరోజు పదిమందిమి బస్టాండుకు పోయి కండక్టర్ను నిలదీశాం. అతను జేబులోంచి గడియారం తీసి చూపించి, "నా బస్సు ఐదుకే కదులుతాందమ్మా. మీ సూర్యుడే నిదానంగా దిగతాండాడు" అన్నాడు.

మేమంతా ఆ గడియారం మీదికి వంగి చూశాం. దూదేకుల పెద్దమ్మ మాత్రం అక్కడే కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "నీడ చూసి నమాజు చేసే ఇంట్లో పుట్టి, నేను గూడా మర్సిపోతినే" అంది. చలికాలం నీడ వేరు, ఎండాకాలం నీడ వేరు అని గొర్రెలు కాసేవాళ్ళకు కూడా తెలుసు. మాకూ తెలుసు. కానీ కుంకుమ పెట్టిన గీతను ఎవరు అనుమానిస్తారు? ఎండలు ముదిరేకొద్దీ పొద్దు పొడుగవుతుంది, నీడ గోడ ఎక్కడం ఆలస్యమవుతుంది. మా గీతే మా దగ్గర రోజూ అరగంట గుంజుకుంటోంది. గొడవ లేకుండా సావుకారు ఎందుకు సంతకం పెట్టాడో అప్పుడు అర్థమైంది.

మామ పోయి అడిగితే ఆయన నవ్వుతూ కాగితం తీసి చూపించాడట. "గీత మీరే గీస్తిరి, మీరే బొట్టు పెడితిరి. దాన్ని నేనెట్ల కాదందునప్పా?" అన్నాడట. మామ ఆ రోజు నుంచి తల ఎత్తలేదు. సావుకారుతో కలిసిపోయాడని ఒకరిద్దరు గొణిగారు కూడా. దండ వేసిన చేతులే వేలు చూపించాయి. ఆ మాట దాచిపెట్టి సంఘం గొప్ప చెప్పుకోవడం నాకు చేతకాదు.

ఒక పొద్దున దూదేకుల పెద్దమ్మ బకెట్లో సున్నం కలుపుకుని వచ్చి, కుంకుమతో సహా ఆ గీత మీద సున్నం కొట్టేసింది. ఇంక నీడను నమ్మేది లేదు, గేటు దగ్గర అందరికీ కనబడేలా గడియారం తగిలించాల్సిందే అని తీర్మానించాం. అంతవరకూ బస్సే మా గడియారం. ఐదు దాటి పది నిమిషాలకు బస్సు మిల్లు ముందుకు వస్తుంది, ఆ పది నిమిషాలు సావుకారుకు ధర్మం చేశామనుకున్నాం. గేటు దగ్గర ఆపి గట్టిగా హారన్ కొట్టడానికి డ్రైవరు ఒప్పుకున్నాడు.

హారన్ మోగింది. లోపల మోతలో ఎవరికి వినబడుతుంది? వాకిలి దగ్గర కూర్చున్నామె ఒక్కతే విని పక్కామె భుజం తట్టింది. ఆమె తన పక్కామెను తట్టింది. అలా ఆ తట్టు వరస చివరిదాకా పోయి, మలుపు తిరిగి రెండో వరసలోకి వచ్చింది. రోజూ ఒకరు లేవడానికి ఒకరిని కాపలా పెట్టే తట్టు, ఆనాడు అందరినీ లేపింది. మిషన్లు వట్టిగా తిరుగుతున్నాయి, వాటి ముందు మేం నిలబడి ఉన్నాం. మామ ఇంజను ఆపేశాడు. షెడ్డు పైకప్పులో పిచ్చుకలు కాపురం ఉన్నాయని నాకు తెలిసింది అప్పుడే.

మూడు రోజులు అలా లేచాం. నాలుగో రోజు పొద్దున మేం వచ్చేసరికి గేటుకు తాళం. గేటు ముందే కూర్చున్నాం. వారం తిరిగాక సావుకారు మనిషి కబురు తెచ్చాడు: గడియారం తగిలిస్తారు, అందర్నీ పనిలోకి తీసుకుంటారు, ఇంజను ఆపినవాడు మాత్రం లోపలికి రాకూడదు.

మామ వెంటనే ఒప్పుకోమన్నాడు. గీత గీసిన తప్పు తనది, తనతోనే పోనివ్వండి అన్నాడు. కొందరు తలలు దించుకున్నారు, ఇళ్ళలో పిల్లల ఆకళ్ళు ఎవరి నోరయినా కట్టేస్తాయి. దూదేకుల పెద్దమ్మ మాత్రం, "నువ్వొక్కడివే గీస్తివా అప్పా? బొట్టు పెట్టింది మేం గాదా?" అని తగులుకుంది. అప్పుడు మా అమ్మ లేచింది. నలుగురిలో ఆమె గొంతు నేనెప్పుడూ విని ఎరగను. తమ్ముడి పని పోతే ముందు ఆరిపోయేది మా పొయ్యేనని అందరికీ తెలుసు కాబట్టి అందరూ ఆమె వైపే చూశారు. "వాణ్ణి ఎల్లగొట్టినాక ఆ గడియారం ఎవురి మాట ఇంటాది?" అని అడిగి మళ్ళీ కూర్చుంది. అంతే. కబురు తెచ్చిన మనిషి వచ్చిన దారినే పోయాడు.

అప్పటికే పులివెందుల వైపు నుంచి, ముద్దనూరు వైపు నుంచి వచ్చిన పత్తి బండ్లు గేటు బయట బారులు తీరాయి. మొదట రైతులు మమ్మల్నే తిట్టారు. మేం తెచ్చుకున్న రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి వాళ్ళకూ పెట్టి, గీత కథ మొదటినుంచీ చెప్పాం. నీడ సంగతి రైతుకు వేరే చెప్పాలా? నవ్విన వాళ్ళు నవ్వారు, తర్వాత వాళ్ళ కోపం దిశ మార్చుకుంది. పన్నెండో రోజు మబ్బు పట్టింది. పత్తి తడవకముందే తాళం తియ్యకపోతే బండ్లు జమ్మలమడుగు మిల్లుకు తోలుకుపోతామని రైతులు సావుకారు ఇంటికి పోయి చెప్పి వచ్చారు. మొదటి నాలుగు బండ్లు తిరిగాయి కూడా. మధ్యాహ్నానికి గేటు తెరుచుకుంది. గేటు పక్కన మేకు కొట్టి, వీధిలో పోయేవాళ్ళకు కూడా కనబడేలా గడియారం తగిలించారు. మేమెవరమూ ముందుగా లోపలికి పోలేదు. మామ పోయి ఇంజను తిప్పాడు, ఆ చప్పుడు విన్నాకే లోపల అడుగుపెట్టాం.

ఈ కథ ఇక్కడితో ఆపితే బాగుండేది. తర్వాత తర్వాత ఒక జెండా రెండయింది, రెండు మూడయ్యాయి, పక్కామె భుజం తట్టేముందు ఆమెది ఏ జెండా అని చూసుకునే రోజులు వచ్చాయి. మిల్లు మూసేసిన నాడు గేటు ముందు కూర్చున్నది పదకొండు మందిమి. అప్పటికి మామ లేడు, పెద్దమ్మ లేదు. గడియారాన్ని పాతసామాన్ల వాడు తట్టలో వేసుకుని పోతుంటే చూస్తూ నిలబడ్డాను, దాన్ని నాకిమ్మని అడగాలని తోచలేదు. ఆ పొరపాటుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోను. సంఘాల కాలం అయిపోయిందని చదువుకున్న పిల్లలు నాతో అంటుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. వారానికి ఒకరోజు సెలవు, ఐదు గంటల కూత, ఇవేవీ ఎవరూ పిలిచి చేతిలో పెట్టినవి కావు. గేటు ముందు ఎండలో కూర్చుని తెచ్చుకున్నవి. కూర్చోవడం మరిచిపోయాం గనుకే ఇవాళ దుకాణంలో స్టూలు లేదు.

ఇదంతా మొన్న మనవరాలికి చెప్పాను. నీళ్ళు చల్లారిపోయినా పాదాలు తియ్యకుండా వింది. విన్నాక, "మా అంగట్లో పక్కన ఎవురుండారో గూడా సరిగా తెల్దు జేజీ, నెలకొకర్ని మారుస్తాండారు" అంది. మా కాలానికీ దీనికీ తేడా అదే అనిపించింది. మాకు టైము తెలిసేది కాదు, పక్క మనిషి తెలుసు. వీళ్ళందరి చేతుల్లో టైము ఉంది, పక్కన ఎవరున్నారో తెలియదు. "అయితే రేపు పోయి ముందు ఆ పిల్ల పేరు అడుగు" అన్నాను. అది నవ్వి పాదాలు తుడుచుకుంది.

నిన్న సాయంత్రం వచ్చి, నేను అడగకముందే నాలుగు పేర్లు చెప్పింది. ఒక పిల్లది జమ్మలమడుగట, ఇంకొక పిల్లది పులివెందులట. అర్జీలు రాసుకునే నా పాత నోటుబుక్కు పెట్టెలోంచి తీసి, కొత్త పేజీలో ఆ నాలుగు పేర్లూ రాసుకున్నాను. వాటి కింద మా మనవరాలి పేరు రాశాను. ఆ కింద పేజీలో ఇంకా చాలా జాగా ఉంది.