మెస్సులో నినాదాలు

ఆ శుక్రవారం సెలవు. గల్ఫ్‌లో, బిర్కత్ అల్ అవామిర్‌లోని మా కూలీల క్యాంపు మెస్సులో అందరం టీవీ ముందు కూర్చున్నాం. అమెరికాలో ఎవడో బడిపిల్లల్ని కాల్చి చంపాడు. తుపాకుల చట్టం మార్చాలని తల్లులు రోడ్డెక్కారు.

"మా కడప తట్టు ఎలక్షన్లొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో పెట్టల్ల. ఓట్లయినాక మళ్లా తెచ్చుకుంటారు," అన్నాను.

"ఏడాదంత ఠాణలనే ఉంచితె ఏం బోతది?" అన్నాడు పక్కనున్న కరీంనగర్ అన్న.

నాకు ఒళ్లు మండింది. ఆయన తల్లుల మాట వినాలని సౌండ్ పెంచాడు. నినాదాలతో మెస్సు దద్దరిల్లింది.

క్యాంపు సెక్యూరిటీవాడు పరుగెత్తుకొచ్చాడు. మేమే సమ్మెకు దిగామనుకున్నాడు. ఇక్కడ సమ్మె చేస్తే ఉద్యోగం ఊడి ఇంటిదారే.

"మేం కాదు, టీవీ, టీవీ!" అంటూ అందరం లేచి నిలబడ్డాం. ఎవరో సౌండ్ పూర్తిగా తీసేశారు. వాడు వెళ్లిపోయాడు.

అంతసేపూ అమెరికాకు బుద్ధులు చెప్పిన మేమంతా మళ్లీ కూర్చున్నాం. తెరమీద తల్లులు చప్పుడు లేకుండా అరుస్తూనే ఉన్నారు.

"ఆ సెక్యూరిటోని చేతుల కట్టె గూడ లేదు గద తమ్మీ," అన్నాడు అన్న మెల్లగా. "మరి మనం గింతగనం ఎందుకు భయపడ్డం?"