తరవాణి తాగిన కడుపు

వరహాలమ్మకు తరవాణి పేరెత్తితే ఒళ్లు మండేది. హిందీ మాట్లాడే ఊళ్లో, మోవా అనే పేటలో, బిలాస్‌పూర్ రోడ్డు మీది ఆసుపత్రిలో, కడుపులోకి గొట్టం వేసి చూసే గదిలో ఆమె ఆయా. పరగడుపున రమ్మని ఎంత చెప్పి పంపినా, గుఢియారీ పేట నుంచి వచ్చే, రైల్వేలో పనిచేసే శ్రీకాకుళం వాళ్లు నిక్షేపంగా ఓ గిన్నెడు తరవాణి తాగి వచ్చేవారు. అన్నం పులిసిన నీళ్లు వాళ్ల లెక్కలో తిండి కాదు మరి! లోపలంతా తెల్లటి కుడితి కనబడేసరికి డాక్టరు గొట్టం లాగేసి, తప్పంతా ఆమెదే అన్నట్టు చూసేవాడు. ఆమె వాళ్ల దుమ్ము దులిపి, వచ్చే వారం రమ్మని తరిమేది.

మిగతా పని ఏళ్ల తరబడి అదే. తల పట్టుకోవడం, గిన్నె అందించడం, కక్కింది తుడవడం. పరీక్షకని వచ్చిన వాళ్లలో అప్పుడప్పుడూ ఒకరి కడుపు గోడకు చిన్న కండ మొలిచి కనబడేది. ఇలాంటివి చాలామందికి ఉంటాయి, ఎక్కువ శాతం ఏమీ చెయ్యవు అని డాక్టరు హిందీలో చెబితే, ఆమె తెలుగులో అప్పజెప్పేది. అయినా వాళ్ల ముఖాలు తేటపడేవి కావు. ఇంత చెప్పినా నమ్మరేమిటని ఆమెకు విసుగు.

తొంభై ఏడు ఎండాకాలంలో ఆసుపత్రి సిబ్బందికి కూడా ఆ పరీక్ష చేశారు. వరహాలమ్మ కడుపులోనూ ఒకటి కనబడింది. కాస్త పెద్దది, వచ్చే వారం కోసి తీసి పరీక్షకు నాగపూర్ పంపిద్దాం అన్నాడు డాక్టరు. చాలామందికి ఉండేదే అని కూడా అన్నాడు. ఆమె తల్లి కడుపులో గడ్డతోనే పోయింది. ఆ వారమంతా వరహాలమ్మకు ఆ తల్లి ముఖమే కళ్లలో మెదిలింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి కూడా ఓపిక లేకపోయింది.

కోసే రోజు డాక్టరు గొట్టం వేశాడు. లోపల తెల్లటి కుడితి.

గదిలో ఎవరూ నవ్వలేదు. పొద్దున్నే ఇంట్లో అలవాటుకొద్దీ తాగేశానని ఆమె చెప్పుకుంది. అది అబద్ధం. తరవాణి కుండ మూత తీసి, తాగితే ఇవాళ్టికి గండం గడుస్తుందని తెలిసే, గటగటా తాగింది.

మరుసటి వారం కోశారు. నాగపూర్ నుంచి జవాబు వచ్చేసరికి ఇంకో పది రోజులు పట్టింది. భయపడాల్సింది కాదట. డాక్టరు ఆ మాట చెబుతుంటే సంతోషపడటానికి కూడా ఆమెకు శక్తి లేదు. స్టూలు మీద కాసేపు కూర్చుని, లేచి బకెట్ అందుకుంది.

ఆ వారమే గుఢియారీ నుంచి రమణమ్మ అనే ముసలావిడ వచ్చింది. ఆమె కడుపులోనూ తెల్లగా కుడితే. డాక్టరు విసుక్కుంటూ చేతొడుగులు తీసేశాడు. రమణమ్మ తిట్లకు సిద్ధపడి తల దించుకుంది. వరహాలమ్మ ఆమె మూతి తుడిచి, బల్ల మీద పక్కనే కూలబడింది.

"భయమేసి తాగీసినావు గదమ్మా," అంది. "నానూ అందుకే తాగీసినాను."

రమణమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. బయట తర్వాతి మనిషి పేరు పిలుస్తున్నా, ఇద్దరూ లేవలేదు.